సీసా మీద లేని కొండ

పోయిన అక్టోబర్లో జర్మనీలో రెండు రోజులు ద్రాక్షతోటల్లో తిరిగొచ్చానంటే అందరూ ఇంకా ఫోటోలు అడుగుతున్నారు. ఉన్నాయి. నది ఉంది, కొండ ఉంది, ఎర్ర వైన్ నింపిన గ్లాసులున్నాయి, మధ్యలో పళ్ళికిలించుకుని నేనూ ఉన్నాను. ఆ నవ్వు మొహం చూస్తే నాకే ఒళ్ళు మండుతోంది. అందుకే ఫోటోలు పంపకుండా ఇది రాస్తున్నాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళకు ఇప్పటికే మా వల్ల జరిగింది చాలు.

రైల్వే ప్లాట్‌ఫాం మీద పులిహోర

డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ముగ్గురం బయల్దేరాం. ప్రసాద్ గారు మా టీమ్ లీడ్. విజయవాడ ఆయన, జర్మనీ వచ్చి పన్నెండేళ్ళు. పోయినేడు ఆరు శనివారాలు వైన్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో తన కుర్చీ వెనక తగిలించుకున్నారు. డిసెంబర్లో కంపెనీ విందుకు మూడు వందల సీసాల ఎర్ర వైన్ ఎంపిక చేసే పని ఆయనే అడిగి నెత్తికెత్తుకున్నారు. నెకర్ నది పక్కన ఒక ఇటలీ కుటుంబం వైన్ చేస్తుందని ఎవరో చెప్పారట. ఆయన జర్మన్ బేకరీలో బ్రెడ్డు కొనడానికి సరిపోతుంది, బేరానికి సరిపోదు. అందుకని మాటసాయానికి నన్ను రమ్మన్నారు.

మూడో మనిషి నస్రీన్. టోలిచౌకి పిల్ల, ఆఫీసులో నా పక్క సీటు. చుక్క ముట్టదు. "కొండలు చూస్త, తింట, పండుకుంట. నువ్వొక్కదానివే ఆయనతోని పోతే ఇద్దర్ల ఒక్కరే వాపస్ వస్తరు," అని బ్యాగు సర్దుకుంది.

రైలు ఆలస్యమైంది. ఈ దేశంలో రైళ్ళు గడియారం చూసుకుని నడుస్తాయని మా ఊళ్ళో ఇంకా నమ్ముతున్నారు, నమ్మనివ్వండి. హైడెల్‌బర్గ్‌లో అందుకోవలసిన చిన్న రైలు మా కళ్ళముందే వెళ్ళిపోయింది. కాఫీ నాలుగు యూరోల ఇరవై సెంట్లు. మూడు కాఫీల డబ్బులతో సూర్యాపేటలో నలుగురు కడుపునిండా బిర్యానీ తింటారని లెక్కేసుకుని, నేను తెచ్చిన పులిహోర డబ్బా విప్పాను.

ప్రసాద్ గారు తింటూనే పాఠం మొదలుపెట్టారు. "మట్టి రుచి అంటారండీ దీన్ని. ఒకటే ద్రాక్ష, రెండు రకాల నేలల్లో వేస్తే రెండు రకాల వైన్ వస్తుంది. ఎంత నాగరికత ఉంటే ఆ తేడా పట్టుకోగలరు చెప్పండి! మనవాళ్ళకి ఇయ్యన్నీ ఎక్కడివండీ? తాటికల్లంటే ఏ చెట్టుదైనా అదే నురగ, అదే కంపు."

నస్రీన్ నా వైపు చూసింది. నేను పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాను.

"మీ నాన్నగారేం చేసేవారు స్వరూప గారూ?" అన్నారాయన, మాటవరసకు.

"వ్యవసాయం," అన్నాను.

అబద్ధం. మా నాయన కల్లు గీసేవాడు. సూర్యాపేట పక్క ఊళ్ళో ముప్పై ఏళ్ళు తాటిచెట్లెక్కాడు. మొరం గడ్డ మీది చెట్టు కల్లుకూ, నల్లరేగడి నేలలో చెట్టు కల్లుకూ తేడా కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆయనొక్కడే కాదు, తాగడానికొచ్చే ప్రతివాడూ చెప్పేవాడు. "గడ్డ మీద చెట్టుదే పొయ్యి మామా," అని వంతు కోసం కూర్చునేవాళ్ళు. ఈ సంగతి ప్రసాద్ గారి మొహాన కొట్టొచ్చు. కానీ జర్మనీకొచ్చిన పదకొండేళ్ళలో ఎవరడిగినా వ్యవసాయమనే చెప్పాను. నిజం తెలిసింది నస్రీన్‌కు ఒక్కతికే.

చీపురు కట్టిన ఇల్లు

ఊళ్ళోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు. వెతుక్కుంటూ వెళ్ళిన ఇంటి గుమ్మం పైన పుల్లల చీపురొకటి వేలాడుతోంది.

"అరే, గుమ్మానికి చీపురేంది యార్? మా అమ్మీ చూస్తే బేహోష్ అయితది," అంది నస్రీన్.

అది ఇక్కడి ఆచారం. ద్రాక్ష పండించే కుటుంబాలు ఏడాదిలో కొన్ని వారాలు సొంత ఇంటినే తెరిచి, సొంత వైన్, ఇంట్లో వండిన తిండి అమ్ముకోవచ్చు. చీపురు కడితే ఇల్లు తెరిచినట్టు, విప్పితే అయిపోయినట్టు. బోర్డు లేదు, మెనూ లేదు. బల్లల దగ్గర ఎవరి పక్కన చోటుంటే వాళ్ళ పక్కన కూర్చోవడమే. మనం చీపురు ఎవరి కంటా పడకుండా తలుపు వెనక దాస్తాం, వీళ్ళు చుట్టాన్ని పిలవడానికి కడతారు.

వడ్డించింది కార్లా. నలభై అయిదేళ్ళుంటాయి, తోట, పీపాలు, లెక్కలు అన్నీ ఆమే చూస్తుంది. ఆమె తండ్రి పియెత్రోకు డెబ్బై ఆరు. ఇటలీ కింది కొసన ఉండే కలాబ్రియా నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనికొచ్చాడు. పొద్దున ఫ్యాక్టరీ, సాయంత్రం ఊరివాళ్ళ తోటల్లో కూలి. నిటారైన కొండవాలు మీదికి యంత్రాలు ఎక్కవని ఊరివాళ్ళు వదిలేస్తుంటే, ఆ వాలును ఈయన కౌలుకు తీసుకున్నాడు. అలా మొదలైంది వీళ్ళ ఇంటి వైన్.

నస్రీన్ పంది మాంసం తినదని చెప్పగానే కార్లా చిక్కుడు గింజలతో పాస్తా తెచ్చిపెట్టింది. ప్లేటు తొమ్మిది యూరోలు. పక్కన నూనెలో ఊరేసిన ఎర్ర మిరపకాయలు. నాలుక చుర్రుమంది. జర్మనీలో కారమని చెప్పి పెట్టిన వంటకం నిజంగా కారంగా ఉండటం నాకదే మొదలు. ఇంకో గిన్నె అడిగాను. పియెత్రో చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

పక్క బల్ల దగ్గర ఊరి పెద్దమనిషొకాయన గ్లాసెత్తి, "ఇటలీవాడి వైన్ ఈ ఏడు బానే ఉంది," అన్నాడు. మంచి మాటే అనుకున్నాడు పాపం. యాభై ఏళ్ళు పైబడి ఆ ఊళ్ళో ఉన్న మనిషికి ఇంకా పేరు లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పియెత్రో మాత్రం ఏమీ విననట్టు బల్ల తుడిచాడు.

ఒకటే ద్రాక్ష, రెండు గ్లాసులు

సాయంత్రం నేలమాళిగలోకి తీసుకెళ్ళారు. రెండు గ్లాసులు. రెండూ లెంబెర్గర్ అనే నల్ల ద్రాక్షే, ఒకే ఏడాది కాపే. మొదటిది కింది పొలంలోని ఎర్రమట్టిది, సీసా తొమ్మిది యూరోలు. రెండోది పై కొండవాలుది. ఆ వాలు పేరు గైస్‌స్టైగ్, అంటే మేకల దారి. సీసా ఇరవై నాలుగు.

ప్రసాద్ గారు గ్లాసు తిప్పారు, ముక్కు పెట్టారు, పుక్కిలించారు, పక్కనున్న బకెట్లో ఉమ్మారు. రుచి చూసేవాళ్ళు అలాగే చెయ్యాలట. కష్టపడి చేసినవాడి ఎదుట నిలబడి ఉమ్మడం ఏం మర్యాదో నాకు అంతుపట్టలేదు.

నా చేతికి పై కొండ గ్లాసు వచ్చింది. ఏం ఆలోచించలేదు. గ్లాసు వంచి మూడు చుక్కలు నేల మీద వదిలి, అప్పుడు నోట్లో పోసుకున్నాను. మా నాయన చెట్టు మీంచి లొట్టి, అంటే కల్లు కుండ, దించగానే చేసే పని అది. మొదటి చుక్కలు భూమికి, కల్లుగీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు. ఆ తర్వాతే మనిషికి. చిన్నప్పటి నుంచి చూసింది, చెయ్యి తనంతట తనే చేసింది.

పియెత్రో మొహం మాడిపోయింది. "బాగోకపోతే బకెట్ ఉంది," అన్నాడు. "నేల మీద ఎందుకు పోస్తున్నావు?"

"చెయ్యి జారింది," అన్నాను.

మళ్ళీ అబద్ధం! ప్రసాద్ గారు పక్కనున్నారని. నస్రీన్ నా మోచేతిని గట్టిగా గిల్లింది. ఇంతకీ ఆ రెండు వైన్లూ ఎలా ఉన్నాయంటే, కిందిది తియ్యగా, లొడలొడ మాట్లాడే పక్కింటావిడలా ఉంది. పైది మొదట ఏమీ అనదు. మింగాక నాలుక పక్కల్లో సన్నని పులుపూ, తడిసిన రాయి లాంటి చలవా పట్టుకుని వదల్లేదు. గడ్డ మీది చెట్టు కల్లూ ఇంతే. తక్కువ కారేది, చాలాసేపు ఉండేది.

మేకల దారి

ఆదివారం పొద్దున్నే పియెత్రోతో కొండెక్కాం. కార్లా ఇంటి దగ్గరే ఉండిపోయింది. మూడు వందల పైచిలుకు మెట్లు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, గోడకూ గోడకూ మధ్య నాలుగైదు వరసల తీగ. వానకు గోడ కూలితే మళ్ళీ చేత్తోనే పేర్చాలి. ప్రసాద్ గారు మూడు చోట్ల "వ్యూ చూద్దామండీ" అని ఆగారు. ఆయాసం దాచుకోవడానికి వ్యూ బాగా పనికొస్తుంది.

పైన పియెత్రో ఒక రాయి పగలగొట్టి చూపించాడు. లోపల బుల్లి గవ్వలు! ఎప్పుడో అక్కడ సముద్రముండేదట. ఆ రాయి మీద కాసిని నీళ్ళు చల్లాడు. నస్రీన్ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాళ్ళ మామయ్యకు పాతబస్తీలో అత్తరు దుకాణం, ఆమెకు ముక్కు ఊరికే రాలేదు.

"మిట్టీ అత్తర్, గదే తడిమట్టి అత్తరు లెక్కనే ఉంది," అంది. "నిన్న రెండో గ్లాసు నువ్వు పట్టుకుంటే, ఇంత దూరంల నిలబడ్డ నాక్కూడ గిదే వాసన కొట్టింది."

నేనది జర్మన్‌లో చెప్పగానే పియెత్రో ఆ రాయిని ఆమె చేతిలోనే ఉంచేసి, అసలు సంగతి చెప్పాడు. కొండవాలు కౌలు నవంబర్ పదకొండున, సెయింట్ మార్టిన్ పండగనాడు ముగుస్తుంది. ఆ ప్రాంతంలో పొలాల కౌళ్ళకు పాతకాలం నుంచీ అదే గడువు. ఇరవై ఏళ్ళకు సంతకం పెట్టండి, లేదా తీగలు పీకించేస్తానని భూమి ఆసామి అన్నాడు. కార్లా ఒకటే మాట మీదుంది. ఈ కొండ వైన్‌ను ఈ కొండ పేరుతో కొనేవాళ్ళొకరు దొరికితే సంతకం. లేదంటే దీన్ని కింది పీపాల్లో కలిపి తొమ్మిది యూరోలకు అమ్ముకోవడానికి ఈ మెట్లెక్కి మోకాళ్ళు అరగదీసుకోవడం ఎందుకు?

"ఈ కొండ ఏడాదికి ఒక్క పీపా ఇస్తుంది. మూడు వందల సీసాలు," అన్నాడు. "మీకు కావలసింది మూడు వందలు."

ప్రసాద్ గారికి ఇదంతా తెలుగులో చెప్పాను. ఆయన తలూపారు. "బావుందండీ, పీపా మొత్తం తీసుకుందాం. కానీ లేబుల్ మనదని చెప్పండి. ఇటలీ పేరొకటి, ఇటలీ జెండా, ఒక కోట బొమ్మ. ఇటాలియన్ అంటే కస్టమర్లకి క్రేజు. ఈ గైస్‌స్టైగ్ గియిస్‌స్టైగ్ వద్దండీ, ఎవరికీ నోరు తిరగదు."

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి సిగ్గేస్తోంది. అయినా రాయాలి. ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య మాట తెగేలా ఉంటే దాన్ని మెత్తబరిచి అటూ ఇటూ మొయ్యడం మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు ఉగ్గుపాలతోనే వంటబడుతుంది. పెళ్ళిళ్ళలో అదే చేస్తాం, పంపకాల్లో అదే చేస్తాం. సర్దిచెప్పడమంటే గొప్ప గుణమనుకుంటాం. పియెత్రోతో నేనన్నది ఇది: "మీరు ఇటలీ నుంచి వచ్చిన సంగతి కూడా లేబుల్ మీద ఉంటే బాగుంటుందట."

"వెనక వైపు రాసుకోండి. ముందు మాత్రం కొండ పేరుండాలి," అన్నాడాయన.

ప్రసాద్ గారితో అన్నది ఇది: "ఒప్పుకున్నట్టేనండీ. కొండ పేరు మీద కాస్త మక్కువ ఉంది, మెల్లగా చెప్పొచ్చు."

ఇద్దరూ చేతులు కలిపారు. వెనక నుంచి నస్రీన్ నా కొంగులాంటి స్కార్ఫు పట్టి లాగింది. "ఆయన అన్నది ఒకటి, ఈయన అన్నది ఒకటి, నువ్వు చెప్పింది ఇంకోటి. క్యా కర్ రహీ తూ?"

"ఊకో, సర్దుకుంటది తియ్," అన్నాను.

పియెత్రో అక్కడి నుంచే కూతురికి ఫోన్ చేశాడు. మేం దిగొచ్చేసరికి కార్లా నన్ను కావలించుకుంది. సంతకం పెడతామని భూమి ఆసామికి అప్పుడే ఫోన్లో చెప్పేసిందట. ఆ సంబరంలో గ్లాసులు నింపి మాకు ఫోటో తీసింది. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు, విప్పలేదు. ఆ ఫోటోలో నవ్వు అప్పటిది.

కోట బొమ్మ

మధ్యాహ్నం భోజనాల మధ్యలో ప్రసాద్ గారి ఫోన్‌కు లేబుల్ నమూనా వచ్చింది. ఆఫీసులో ఒక డిజైనర్‌కు కొండ మీద నుంచే మెసేజ్ పెట్టారట. సంబరంగా తీసుకెళ్ళి కార్లా చేతికిచ్చారు. మూడు రంగుల జెండా, ఎవరిదో తెలియని కోట, కింద ఎవరూ ఎప్పుడూ వినని ఇటలీ పేరు. జర్మన్ వైన్ అన్న ముక్క వెనక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో.

కార్లా అది తండ్రికి చూపించింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు. ప్రసాద్ గారి దగ్గరికి కాదు, నా దగ్గరికే.

"ఈ ఊరికి నేను యాభై ఏళ్ళుగా ఇటలీవాణ్ణి," అన్నాడు. "మా ఊరెళ్తే నన్ను జర్మన్‌వాడంటారు. నేను ఎక్కడివాణ్ణో చెప్పేది ఆ కొండొక్కటే. నిన్న నా వైన్ నేల మీద పోశావు, ఊరుకున్నాను. ఇవాళ నా కొండ పేరు పోశావు."

బల్లల దగ్గరివాళ్ళంతా మా వైపు తిరిగారు. సర్దిచెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. నిజమే మిగిలింది. నిలబడే, జర్మన్‌లోనే చెప్పాను. చెయ్యి జారలేదు. మా నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మొదటి చుక్కలు నేలకు పోసి దండం పెట్టుకునేవాడు. ఇష్టం లేక పోసింది కాదు, మీ గ్లాసు పట్టుకోగానే ఆయన అలవాటే నా చేతికొచ్చి పోశాను. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను. పొద్దున కొండ మీద మీ ఇద్దరి మాటలూ మార్చి చెప్పింది కూడా నేనే.

పియెత్రో కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "చెట్టు ఎంత ఎత్తు?" అన్నాడు.

"మీ గోడలు పది ఒకదాని మీద ఒకటి పెట్టినంత."

"ఎలా ఎక్కుతారు?"

"నడుముకు మోకు కట్టుకుని. అంటే తాడు."

తలూపాడు. బల్ల మీది గ్లాసు తీసుకుని, మూడు చుక్కలు రాతి నేల మీద వదిలి, మిగతాది నాకిచ్చాడు. అంతే. క్షమించానని అనలేదు, లేబుల్ మీద మెత్తబడనూ లేదు. పేరు లేకపోతే పీపా లేదన్నాడు. కార్లా తన ఫోన్ తీసుకుని భూమి ఆసామితో మాట్లాడటానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆ తలుపు మూసుకోవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఒక్క పేరు కోసం ఇంత ఆర్డర్ వదులుకుంటారా? పిచ్చి కాకపోతే ఏంటండీ ఇది!" అన్నారు ప్రసాద్ గారు.

పదకొండేళ్ళుగా ఆయనలాంటివాళ్ళ ముందు నేను మాట్లాడిన పుస్తకాల భాష ఆ క్షణాన నా నోట్లోంచి ఎగిరిపోయింది.

"పిచ్చి ఎవలకు ప్రసాద్ గారూ? మీ కుర్చీ ఎనక సర్టిఫికెట్ ఉంది గద, దాని మీద మీ పేరు కొట్టేసి ఇంకెవల పేరో రాస్తే ఊకుంటరా? మట్టి రుచి, మట్టి రుచి అని రైలంత చెవులు తిన్నరు. ఆ మట్టి పేరే వద్దంటిరి! కల్లు ఏ చెట్టుదైనా ఒకటే అంటిరి. మా నాయన దగ్గరికి కూలోళ్ళు ఒచ్చి చెట్టు పేరు చెప్పి అడిగి తాగేటోళ్ళు. మీకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు!"

"షాబాష్," అంది నస్రీన్, గవ్వరాయి గుప్పిట్లో పట్టుకుని. "జర లేటయింది, గంతే."

లేటయింది. నిజం. బయల్దేరే ముందు పీపాలోంచి రెండు సీసాలు నింపి అమ్మమని అడిగాను. పియెత్రో నింపి, బిరడా బిగించి, తెల్ల కాగితమంటించి చేత్తో గైస్‌స్టైగ్ అని రాసిచ్చాడు. నలభై ఎనిమిది యూరోలూ లెక్కపెట్టి తీసుకున్నాడు. తగ్గిస్తానని అనలేదు, నాకది నచ్చింది. తిరుగు రైలు సరిగ్గా సమయానికొచ్చింది. డ్యూసెల్‌డార్ఫ్ దాకా ప్రసాద్ గారు వేరే పెట్టెలో కూర్చున్నారు.

పండగ తర్వాత

ఆఫీసులో విందు కమిటీకి పెద్ద ఉత్తరం రాశాను, కొండ పేరుతోనే కొనండని. వేరేచోట ఆర్డర్ ఇచ్చేశామని రెండు లైన్ల జవాబొచ్చింది. నవంబర్ మధ్యలో కార్లా ఫోటో పంపింది. గోడలున్నాయి, మెట్లున్నాయి, మధ్యలో తీగలు లేవు. పై పీపా కింది పీపాల్లో కలిసిపోయిందట. కింద ఒక్క వాక్యం రాసింది: నాన్న ఇంకా రోజూ మెట్లెక్కుతున్నాడు.

డిసెంబర్ విందులో ప్రతి బల్ల మీదా ఇంకెక్కడిదో వైన్ నింపిన కోట బొమ్మ సీసాలే. ప్రసాద్ గారు కోటు గుండీలు పెట్టుకుని మట్టి రుచి గురించి చెబుతున్నారు. నేను నా సంచీలోంచి తెల్ల కాగితం అంటించిన సీసా తీశాను. ఆ హాల్లో నేలంతా కార్పెట్. మూలనున్న పూలకుండీ దగ్గరికెళ్ళి, మూడు చుక్కలు మట్టిలో వదిలాను.

మా డైరెక్టరమ్మ చూసింది. "స్వరూపా, ఏం చేస్తున్నావు?"

"మా నాన్న కల్లు గీసేవాడు," అన్నాను, హాలంతా వినిపించేలా. "మొదటి చుక్కలు మట్టికి పొయ్యాలి."

ఆమెకు గ్లాసులో పోశాను. తాగింది, ఆగింది, మళ్ళీ తాగింది. సీసా తిప్పి చేతిరాత చదివింది. "గైస్‌స్టైగ్. ఇది ఎక్కడ దొరుకుతుంది?"

"ఇక దొరకదు."

"ఎందుకు?"

ప్రసాద్ గారు తన గ్లాసులోకి చూసుకుంటున్నారు.

"సగం ఆయన చెప్తారు," అన్నాను. "మిగతా సగం నేను చెప్తాను."